మా పూల్ పార్లర్ రేటింగ్ పుస్తకం: జూన్ నుంచి సెప్టెంబరు దాకా

జూన్ 8, ఆదివారం

మా వీధి కుర్రాడొకడు, ఇంజనీరింగ్ రెండో ఏడాది, ఏప్రిల్ నుంచి పూల్ (కర్రతో బంతుల్ని కొట్టి టేబుల్ అంచు గుంటల్లో, అంటే పాకెట్లలో, వేసే ఆట) ఆడటం మానేశాడు. నిన్న మా విశాఖలో, మద్దిలపాలెం దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే పలకరించాను. "ఆడాలనే ఉంటుందన్నా. కానీ ప్రతిసారీ నేనే కట్టాల్సొస్తోంది" అన్నాడు.

మా పార్లర్‌లో ఓడినవాడే టేబుల్ డబ్బులు కడతాడు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎప్పటినుంచో అలా నడుస్తోంది. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్లయితే నెల తిరిగేసరికి లెక్క దాదాపు సరిపోతుంది. ఒకడు బాగా ఆడేవాడూ ఇంకొకడు నేర్చుకునేవాడూ అయితే నేర్చుకునేవాడు ఇద్దరి ఆటకూ డబ్బులు కట్టి, కొన్నాళ్లకు రావడం మానేస్తాడు. ఇలా వెళ్లిపోయినవాళ్లు నాకు తెలిసి ఈ ఏడాదిలోనే నలుగురు.

దీనికి విరుగుడు లేదని కాదు. "నీకు రెండు గేములు ముందే ఇస్తాను, రా" అనడం మామూలే, అంటే ఎదుటివాడు రెండు గెలిచినట్టు లెక్కపెట్టి మొదలుపెట్టడం. ఎంత ఇవ్వాలన్నది మాత్రం ఎవరి నోరు పెద్దదైతే వాళ్ల ఇష్టం. బాగా ఆడేవాడు ఒకటి ఇచ్చి మూడు ఇచ్చినట్టు మాట్లాడతాడు. కొత్తవాడికి మొహమాటం.

అందుకే ఈ పని మొదలుపెడుతున్నాను. సీతమ్మధారలోని మా పార్లర్‌లో రెండు పూల్ టేబుళ్లు ఉన్నాయి, క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు 18 మంది. ప్రతి గేమూ రాయాలి. ఆ రాతల నుంచి ప్రతి ఒక్కరికీ ఒక నంబరు, ఆ నంబర్ల తేడా నుంచి ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేలాలి.

దుకాణంలో లావుపాటి లాంగ్‌బుక్ కొన్నాను. గీతలు కొట్టి, తేదీ, టేబుల్ నంబరు, ఇద్దరి పేర్లు, ఎవరు ఎన్ని గేములు గెలిచారు అని వరసలు పెట్టాను. బ్రేక్ (పేర్చిన బంతుల్ని కొట్టే మొదటి షాట్) ఒకసారి ఇతను, ఒకసారి అతను చేయాలని అందరితో ఒప్పించాను. లేకపోతే గెలిచినవాడే బ్రేక్ చేస్తూ పోవడం వల్ల వచ్చే లాభం ఎంతో విడదీయలేం. పుస్తకం మార్కర్ బాబాయి దగ్గర ఉంటుంది. టేబుల్ టైము రాసేది, బంతులు పేర్చేది, చాక్ అందించేది అన్నీ ఆయనే. "ఏటి బాబూ ఇది, కిరాణా కొట్టు ఖాతానా?" అంటూనే తీసుకుని కౌంటర్ కింద భద్రంగా పెట్టారు.

జూన్ 15, ఆదివారం

వారంలో 70 గేములు. లెక్క కట్టే ముందు మిగతా ప్రపంచంలో ఎలా చేస్తున్నారో చదివాను. ముఖ్యంగా రెండు దారులు కనిపించాయి.

ఒకటి అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్‌ది. అందరూ ఎపిఎ అంటారు. 1979లో మొదలైంది. పూల్‌లో రెండు రకాల ఆటలున్నాయి, ఎయిట్ బాల్‌లో ఆటగాళ్లకు 2 నుంచి 7 దాకా, నైన్ బాల్‌లో 1 నుంచి 9 దాకా స్థాయిలు ఇస్తారు. ఐదుగురు ఆడే జట్టు స్థాయిల మొత్తం 23 దాటకూడదు, అందుకని ఏ జట్టూ అందరినీ గట్టివాళ్లతో నింపలేదు, కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. స్థాయిని తేల్చడానికి వాళ్లు గెలుపోటములు ఒక్కటే చూడరు, గేము గెలవడానికి ఎన్ని ఇన్నింగ్స్ (ఇద్దరూ తలా ఒకసారి ఆడే వంతులు) పట్టాయో, కావాలని పాకెట్ చేయకుండా అడ్డం పెట్టిన షాట్లు ఎన్నో కూడా రాస్తారు.

రెండోది ఫార్గోరేట్. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గో అనే ఊరి పేరు అది. అక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన మైక్ పేజ్ దీని వెనక ఉన్నారు. ఇందులో ఇన్నింగ్స్ లేవు, షాట్లు లేవు. ఎవరు ఎవరితో ఆడి ఎన్ని గేములు గెలిచారు అన్నదొక్కటే. రేటింగ్‌లో 100 తేడా ఉంటే గేములు 2కి 1 చొప్పున పంచుకుంటారు. 200 తేడా అయితే 4కి 1, 300 అయితే 8కి 1. ప్రపంచంలో పైస్థాయి ప్రొఫెషనల్స్ 800 దాటి ఉంటారు.

ఇన్నింగ్స్ కూడా రాద్దామని మూడు రోజులు ప్రయత్నించాం. కుదరలేదు. లీగ్ మ్యాచ్‌లో పక్కన కూర్చుని రాసేవాడొకడు ఉంటాడు. మా దగ్గర రాసేవాడే ఆడతాడు, రెండు షాట్ల తర్వాత మర్చిపోతాడు. కాబట్టి గేముల లెక్కే.

మ్యాచ్‌లు కాకుండా గేములే ఎందుకు అని మా వాళ్లు అడిగారు. ఈ సంగతి నేను కూడా లెక్క వేసేదాకా సరిగ్గా ఊహించలేదు. ఒకడు ప్రతి మూడు గేముల్లో రెండు గెలిచేవాడు అనుకుందాం. ముందు ఐదు కొట్టినవాడిదే మ్యాచ్ అయితే, ఆ మ్యాచ్ అతను గెలిచే అవకాశం 67 శాతం కాదు, 85 శాతం పైనే. అంటే ఏడు మ్యాచ్‌ల్లో ఆరు అతనివే. ఏడుసార్లలో ఆరుసార్లు టేబుల్ డబ్బులు కట్టేవాడికి ఎదుటివాడు కొండలా కనిపిస్తాడు. నిజానికి ప్రతి మూడు గేముల్లో ఒకటి అతనూ గెలుస్తున్నాడు. మ్యాచ్ ఫలితం మాత్రమే రాస్తే ఆ ఒకటి మాయమైపోతుంది. 5–4 అయినా 5–0 అయినా ఒకటే గెలుపు అవుతుంది. అంత కష్టపడి కొట్టిన నాలుగు గేముల్ని పారేయడం నాకు మనసు ఒప్పదు.

జూన్ 29, ఆదివారం

214 గేములు. మధ్యలో యోగా దినోత్సవం హడావుడికి వారం మొత్తం పార్లర్ పలచగానే ఉంది.

మొదటి పట్టిక ఎలో పద్ధతిలో వేశాను. అర్పాడ్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, ప్రపంచ చెస్ సమాఖ్య 1970లో తీసుకున్నాయి. ఇద్దరి నంబర్ల తేడాను బట్టి ఎవరు ఎంత శాతం గెలవాలో ముందే చెప్పి, ఆట అయ్యాక వచ్చిన ఫలితానికీ ఊహకూ ఉన్న తేడాను ఒక అంకెతో గుణించి కలపడమో తీసేయడమో చేస్తాం. ఆ అంకెను కె అంటారు. నేను 32 పెట్టాను. సమానుడి మీద గెలిస్తే 16 పాయింట్లు వస్తాయి, ఓడితే 16 పోతాయి.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస రాసి కిందికి లాగితే అయిపోయింది. పట్టిక ప్రింటు తీసి గోడకు అంటించాం. అందరూ ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. ఆ రాత్రి ఇంటికి వెళ్లేటప్పుడు చాలా సంతోషంగా ఉన్నాను.

జులై 6, ఆదివారం

సంతోషం వారం నిలబడలేదు. రెండు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది. రాత్రి బ్యాచ్‌లో మెడికల్ రెప్ ఒకాయన గురువారం వరసగా నాలుగు గేములు ఓడారు. ఆయన నంబరు 60 పడిపోయింది. శుక్రవారం ఆ నంబరు ప్రకారం ఆయనకు ముందే గేములు ఇచ్చారు, ఆయన అందరినీ కొట్టేశారు. కావాలని ఓడారని నేను అనను. ఆయనకు ఆ రోజు జ్వరంగా ఉన్నా అంతే అయ్యేది. అసలు నాలుగు గేములకే అంత ఊగిపోయే నంబరును నమ్మి డబ్బులు ఎలా కట్టిస్తాం?

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టింది. పుస్తకంలో రెండు పేజీలు అంటుకుపోయి ఉంటే చూసుకోకుండా తర్వాతి పేజీ ముందు ఎక్కించాను. తప్పు తెలిసి సరిచేస్తే నంబర్లు మారిపోయాయి. గేములు అవే, గెలిచినవాళ్లు వాళ్లే, ఎక్కించిన వరస ఒక్కటే వేరు. చెస్‌లో ఆటగాడు ఏళ్ల తరబడి ఎదుగుతూ పడుతూ ఉంటాడు కాబట్టి వరసకు అర్థం ఉంది. నెల రోజుల మా పుస్తకంలో మంగళవారం గేము బుధవారం గేము కన్నా తక్కువది అవడానికి నాకు కారణం కనిపించలేదు.

ఒక మంచి కబురు కూడా ఉంది. మా వీధి కుర్రాడు మళ్లీ వచ్చాడు. కాలేజీ వాళ్లు పట్టిక చూసుకుని వాడికి గేములు ఇస్తున్నారట.

జులై 20, ఆదివారం

రెండు వారాలు దీని మీదే కూర్చున్నాను. ఆఫీసు నుంచి వచ్చి, భోజనం చేసి, పదకొండింటి దాకా.

ఎలోను పక్కన పెట్టి అన్ని గేముల్నీ ఒకేసారి చూసే పద్ధతికి మారాను. ఇది కొత్తదేం కాదు. జెర్మెలో అనే గణిత శాస్త్రవేత్త 1929లోనే చెస్ టోర్నమెంట్ల కోసం రాశారు. 1952లో బ్రాడ్లీ, టెర్రీ అనే ఇద్దరు మళ్లీ దాన్నే చేరుకున్నారు, ఇప్పుడు వాళ్ల పేరుతోనే పిలుస్తున్నారు. ఫార్గోరేట్ కూడా ఈ కుటుంబంలోదే. రోజూ ప్రపంచం మొత్తం గేముల్ని కలిపి మళ్లీ మొదటి నుంచి లెక్క వేస్తుంది. మూడేళ్ల పాత గేముకు సగం విలువ ఇస్తుంది.

మా పార్లర్‌లో దీన్ని ఇలా వివరించాను. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు అనుకుందాం (కొలత ఫార్గోరేట్‌దే, 100 తేడా అంటే 2కి 1). ఆ నంబర్ల ప్రకారం నువ్వు ఇప్పటిదాకా ఆడిన గేములన్నింటిలో ఎన్ని గెలిచి ఉండాలో కూడుదాం. నిజంగా గెలిచినవి అంతకంటే ఎక్కువైతే నీ నంబరు కొంచెం పెంచుతాం, తక్కువైతే కొంచెం తగ్గిస్తాం. నీది మారిస్తే నీతో ఆడినవాళ్ల లెక్కలు కదులుతాయి కాబట్టి వాళ్లవీ సరిచేస్తాం. అందరికీ గెలవాల్సినవీ గెలిచినవీ సమానం అయ్యేదాకా ఇలా తిప్పుతూనే ఉంటాం. మా 18 మందికి కొన్ని వందల సార్లు తిప్పితే నంబర్లు నిలబడ్డాయి. కంప్యూటర్‌కు అది కళ్లు మూసి తెరిచేంత పని.

ఒకచోట చిక్కుకున్నాను. మూడు గేములాడి మూడూ ఓడిన కొత్తాయన నంబరు కిందికి పోతూనే ఉంది. తిప్పిన కొద్దీ ఇంకా కిందికి. తప్పు నాదో లెక్కదో తెలియక రెండు రాత్రులు నిద్ర లేదు. తర్వాత అర్థమైంది. ఒక్కటీ గెలవనివాడు సున్నా గెలవాలంటే అతని నంబరు పాతాళానికి వెళ్లాలి, లెక్క చెప్పింది చెప్పినట్టే చేస్తోంది. అందుకని ప్రతి ఒక్కరికీ 500 నంబరున్న ఊహా ఆటగాడితో రెండు గెలుపులు, రెండు ఓటములు కలిపాను. నాలుగు ఊహా గేములే కాబట్టి నిజమైన గేములు పెరిగేకొద్దీ వాటి బరువు కరిగిపోతుంది. ఫార్గోరేట్‌లో కూడా కొత్తవాళ్లకు ఒక ఆరంభ రేటింగ్ ఇచ్చి, సొంత గేములు చాలినన్ని అయ్యాక దాన్ని వదిలేస్తారు.

ఇప్పుడు మెడికల్ రెప్ గారి నాలుగు ఓటములు తీసుకుంటే ఏమవుతుందో చూశాను. 200 గేములు ఆడి సగం గెలిచినవాడు, ఈ పద్ధతిలో తన నంబరు 50 తగ్గాలంటే వరసగా 40కి పైగా గేములు ఓడాలి. ఎలోలో ఆ పని నాలుగు గేములు చేశాయి (అక్కడి 60, ఇక్కడి కొలతలో 50). అన్ని గేములు కావాలని ఓడుతూ టేబుల్ డబ్బులు కట్టేవాడు మా పార్లర్‌కు రాడు.

జులై 27, ఆదివారం

వాన. కిటికీలు మూసినా టేబుల్ మీది గుడ్డ తేమ పట్టి బంతులు బరువుగా దొర్లుతున్నాయి. రెండు రైల్స్ (టేబుల్ అంచులు) తగిలి ఆగాల్సిన చోట ఒక రైల్‌కే ఆగిపోతోంది. సముద్రం పక్కన ఉన్నందుకు ఇది తప్పదు. "మరి ఇయ్యాల గేములు లెక్కలోకి తీసుకుంటావా?" అని బాబాయి అడిగారు. తీసుకుంటాను. ఈ నంబరు షాట్లను కొలవదు, ఇద్దరిలో ఎవరు మెరుగో మాత్రమే కొలుస్తుంది. తేమ ఇద్దరికీ ఒకటే.

ఈ వారం ఎక్కువ సమయం పొరపాటు ఎంత ఉండొచ్చో లెక్క వేయడానికి పోయింది. 20 గేములు ఆడినవాడి నంబరు అటూ ఇటూ 65 దాకా తప్పు కావచ్చు. 50 గేములకు అది 40 అవుతుంది, 200 గేములకు 20. పొరపాటు సగం కావాలంటే గేములు నాలుగింతలు కావాలి. ఫార్గోరేట్‌లో 200 గేములు దాటాకే రేటింగ్ స్థిరపడిందని ఎందుకు అంటారో ఇప్పుడు నా చేతులతో తెలిసింది. మా వాళ్లలో 100 దాటినవాళ్లు ముగ్గురే. ఇకమీదట గోడమీద పట్టికలో ప్రతి నంబరు పక్కనా గేముల సంఖ్య కూడా వేస్తాను. 24 గేముల 560నీ 120 గేముల 545నీ చూసి మొదటివాడే గొప్ప అనుకోకూడదు.

ఆగస్టు 3, ఆదివారం

530 గేములు. ఈరోజు జరిగింది వివరంగా రాయాలి.

కాలేజీ కుర్రాళ్లలో పట్టిక పైన ఉన్నవాడు, నంబరు 588, ఆదివారం కదా అని రాత్రి దాకా ఉండిపోయాడు. మా రాత్రి బ్యాచ్‌లో అందరికంటే పైన ఉన్న మొబైల్ షాపు బావ నంబరు 604. తేడా 16. ఏమీ ఇవ్వక్కర్లేదు, సమానంగా ఆడండి అని నేనే చెప్పాను. 7–1. కుర్రాడు కట్టాడు. మళ్లీ ఆడారు. 7–2.

రెండు మ్యాచ్‌లతో ఏమీ తేలదని నాకు తెలుసు. కానీ కుర్రాడి మొహం చూశాక అలా సరిపెట్టుకోలేకపోయాను. ఇంటికి వెళ్లి పుస్తకం మొత్తం ముందేసుకున్నాను. ఎవరు ఎవరితో ఆడారో చుక్కలు పెట్టి గీతలు గీశాను. బొమ్మ రెండు ముక్కలుగా వచ్చింది. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా వచ్చే తొమ్మిది మంది కాలేజీ వాళ్లు తమలో తాము ఆడుకుంటున్నారు. ఎనిమిది తర్వాత వచ్చే మేం తొమ్మిది మందిమి మాలో మేం ఆడుకుంటున్నాం. ఈరోజు దాకా ఇటు నుంచి అటు ఒక్క గీత కూడా లేదు.

గీత లేకపోతే ఏమవుతుంది? కాలేజీ వాళ్లందరికీ తలా 200 కలిపినా, తలా 200 తీసేసినా, ఇప్పటిదాకా ఆడిన ఏ గేము లెక్కా మారదు. వాళ్లలో వాళ్ల తేడాలు అలాగే ఉంటాయి. అంటే ఆ గుంపు మొత్తం ఎంత ఎత్తులో నిలబడి ఉందో పుస్తకానికి అసలు తెలియదు. నేను కలిపిన ఊహా ఆటగాడి వల్ల రెండు గుంపుల సగటూ 500 దగ్గర కూర్చుంది. అంతే తప్ప రెండు గుంపులూ సమానం అని ఎవరూ ఆడి చూపించలేదు. రెండు దీవులకు వేరు వేరు సముద్ర మట్టాలు పెట్టుకుని కొండల ఎత్తు పోల్చినట్టు చేశాను.

ఇంత ముఖ్యమైన సంగతి గోడకు పట్టిక అంటించే ముందే చూసి ఉండాల్సింది. ఆ కుర్రాడు కట్టిన డబ్బులు నా లెక్క వల్ల పోయాయి. రేపు వాడికి చెబుతాను.

ఆగస్టు 10, ఆదివారం

గీత ఒకటి ఉంది! నేను పట్టికలోకి ఎక్కించలేదంతే. మార్కర్ బాబాయి. జోడీ లేక ఒంటరిగా వచ్చినవాళ్లతో ఆయన ఆడతారు, పగలూ రాత్రీ. ఆ గేములూ పుస్తకంలో రాశారు. నేను ఆటగాళ్ల జాబితాలో ఆయన పేరు లేదని వదిలేశాను.

ఆయన్ని కలిపి లెక్క వేస్తే రెండు గుంపులూ సమానమనే వచ్చింది. బాబాయి మాతోనూ సగం గెలిచారు, కాలేజీ వాళ్లతోనూ సగం గెలిచారు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత స్కోర్లు చూశాను. ముందు మూడు కొట్టినవాడిదే మ్యాచ్ అనే పద్ధతిలో ఆయన 14 మ్యాచ్‌లు ఆడితే 11 మ్యాచ్‌లు 3–2తో ముగిశాయి. నిజంగా సరిసమానులు ఆడినా 3–2 దాకా వెళ్లేవి నూటికి 37 లేదా 38. పద్నాలుగులో ఐదు. పదకొండు ఎలా వచ్చాయి?

మూసే వేళకు అడిగాను. బాబాయి బంతులు తుడుస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "కస్టమరు ఒంటరిగా వచ్చాడు, నేను మూడు సున్నా కొట్టి పంపీసేననుకో, రేపు వస్తాడేటి బాబూ? ఆఖరి గేము దాకా తేవాల. ఒకసారి ఆడిది, ఒకసారి నాది. ఇరవయ్యేళ్లుగా ఇదే నా పని."

ఆ మాట విన్నాక చాలాసేపు కూర్చుండిపోయాను. కుర్రాళ్లు డబ్బులు కట్టలేక వెళ్లిపోతున్నారని నేను ఈ లెక్కలన్నీ మొదలుపెట్టాను. ఆయన ఏ పుస్తకం లేకుండా, ఎదుటివాడి చేతి వాటం చూసి, తన ఆటను సరిగ్గా అంతకే తగ్గించుకుంటూ ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్నారు. మా అందరిలో మా ఆట గురించి బాగా తెలిసినది ఆయనకే.

అడిగాను, ఈ ఒక్కసారికి నిజంగా ఆడతారా అని. ఓనర్ ఒప్పుకోవాలన్నారు. ఆ గేములకు టేబుల్ డబ్బులు ఎవరూ కట్టకూడదన్నారు. గోడమీద తన పేరు వేయకూడదన్నారు. మూడింటికీ సరే అన్నాను. ఓనర్‌తో నేను మాట్లాడాను, ఉదయం పార్లర్ ఖాళీగా ఉండే గంటలు ఇచ్చారు.

ఆగస్టు 31, ఆదివారం

వినాయక చవితికి రెండు రోజులు ఆగినా పని పూర్తయింది. బాబాయి మా బ్యాచ్‌లో నలుగురితో, కాలేజీ బ్యాచ్‌లో నలుగురితో, తలా 20 చొప్పున 160 గేములు ఆడారు. పట్టికలో సగటు 540 దగ్గరే ఉండేలా రెండు వైపుల నుంచీ నలుగురేసిని ఎంచాను.

ఆయన ఆట చూడటానికి జనం మూగారు. ఇన్నేళ్లుగా చూస్తున్న మనిషేనా అనిపించింది. తొందర లేదు. గేము ముగించే నల్లబంతి కొట్టడానికి మూడు బంతుల ముందే, కర్రతో కొట్టే తెల్లబంతి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకుని ఆడుతున్నారు. ఫౌల్ చేసి ఎవరైనా బంతి చేతికిస్తే (అంటే తెల్లబంతిని ఇష్టమైన చోట పెట్టుకునే వీలిస్తే) ఆ గేము ఇక మనది కాదు.

ఫలితం: మా నలుగురి మీద 52–28. కాలేజీ నలుగురి మీద 66–14. 52కి 28 అంటే 89 పాయింట్ల తేడా. 66కి 14 అంటే 224. అంటే రెండు గుంపుల మధ్య 135. పొరపాటు అటూ ఇటూ 54 దాకా ఉండొచ్చు కాబట్టి ఇది 80 కావచ్చు, 190 కావచ్చు, సున్నా అయితే దాదాపు కాదు. బాబాయి పాత గేముల్ని మొత్తం లెక్కలోంచి తీసేశాను. అవి ఆయన మంచితనానికి కొలతలు తప్ప ఆటకు కాదు.

సెప్టెంబరు 7, ఆదివారం

135ను నమ్మి పట్టిక మార్చే ముందు నేరుగా ఆడించి చూడాలనుకున్నాను. రెండు బ్యాచ్‌ల మధ్య 60 గేములు పెట్టాం, పట్టికలో దగ్గర దగ్గర నంబర్లున్నవాళ్లను జోడీ కట్టి. 135 నిజమైతే రాత్రి బ్యాచ్‌కు 43 రావాలి. ఆ అంకె ముందే కాగితం మీద రాసి మడిచి బాబాయికి ఇచ్చాను, తర్వాత నేను మార్చానని ఎవరూ అనకుండా. వచ్చినవి 41. విడిగా చూస్తే ఇది 111 తేడా. రెండు కొలతల్నీ వాటి వాటి నమ్మకాన్ని బట్టి కలిపితే 120.

మొత్తం సగటు 500 అలాగే ఉంచాలి కాబట్టి కాలేజీ వాళ్లందరికీ 60 తగ్గింది, మాకందరికీ 60 పెరిగింది. 588 కుర్రాడు 528 అయ్యాడు. "నేను కొత్తగా ఎవరి చేతిలోనూ ఓడకుండానే 60 ఎలా పోయిందన్నా?" అని వాడు నిజంగానే బాధపడ్డాడు. మీ తొమ్మిది మందిలో నీ చోటు వెంట్రుకంత కూడా కదల్లేదు, మీరందరూ నిలబడిన నేల ఎంత ఎత్తో ఇప్పుడు తెలిసిందంతే అని చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇప్పుడు వాడికీ మొబైల్ షాపు బావకూ తేడా 136. ఆగస్టు 3న ఆ మ్యాచ్ సమానంగా ఆడించి ఉండకూడదు. ఆ రెండు మ్యాచ్‌ల డబ్బులు బావ తిరిగిచ్చేశాడు, నేను అడక్కముందే.

బాబాయి నంబరు 695 చుట్టూ తేలింది. మాటిచ్చినట్టే గోడమీద వేయలేదు.

మా 600 ఫార్గోరేట్‌లో 600 అనుకోవద్దని పట్టిక కింద పెద్ద అక్షరాలతో రాశాను. కారణం అదే, దీవులు. ఫార్గోరేట్‌లో వేర్వేరు దేశాల ఆటగాళ్ల రేటింగులు ఒకే కొలతలో ఉండటానికి కారణం, టోర్నమెంట్లకు తిరిగేవాళ్లు దేశం నుంచి దేశానికి గీతలు గీస్తూ ఉండటమే. మా పార్లర్ నుంచి బయటికి ఇంకా ఒక్క గీత లేదు. గాజువాక వైపు పార్లర్‌లో ఆడే మిత్రుడొకడు తన వాళ్లతో వస్తానన్నాడు. వస్తే అది మొదటి గీత.

సెప్టెంబరు 14, ఆదివారం

పుస్తకంలో గేములు 1,000 దాటాయి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలిపే పట్టిక ఈరోజు గోడకెక్కింది. దానికి శాతాలు కాదు, స్కోర్లు కావాలి. 100 తేడా ఉంటే మ్యాచ్‌కు గట్టివాడు 6 గేములు కొట్టాలి, రెండోవాడికి 3 చాలు. అప్పుడు గట్టివాడు గెలిచే అవకాశం 47 శాతం. 5–3 పెడితే 57. నేను 6–3 ఎంచాను, రెండింటిలో అదే సగానికి దగ్గర. 200 తేడాకు 7–2 పెడితే సరిగ్గా 50 శాతం వచ్చింది. ఎపిఎ ఎయిట్ బాల్‌లో 7వ స్థాయివాడు 2వ స్థాయివాడితో ఆడేటప్పుడు కూడా 7–2 అని తర్వాత చూసి చాలా ఆనందం వేసింది.

200 తేడా జోడీ ఒకటి మా దగ్గరే ఉంది. నేను 568, మా వీధి కుర్రాడు 370. సాయంత్రం ఏడింటికి వచ్చాడు. నేను ఏడు కొట్టాలి, వాడు రెండు.

మొదటి మ్యాచ్ 7–1 నాది. వాడు కట్టాడు. రెండో దాంట్లో నేను 4–1లో ఉండగా తెల్లబంతినే పాకెట్ చేసి ఫౌల్ అయ్యాను, వాడికి రెండు బంతులే మిగిలి ఉన్నాయి. చాక్ రాసుకుంటూ బాబాయి వైపు చూశాడు, బాబాయి కిటికీ బయటికి చూస్తున్నారు. రెండూ వేశాడు, నల్లబంతి కూడా వేశాడు. 4–2. మ్యాచ్ వాడిది. నేను కట్టాను. మూడోది మళ్లీ 7–1.

పుస్తకంలో ఎక్కించి అక్కడే ఫోన్‌లో లెక్క తిప్పాను. వాడి నంబరు 370. కదల్లేదు.

"నిన్ను కొట్టాను కదన్నా, ఒక్క పాయింటన్నా పెరగదా?"

ఇద్దరం బల్ల మీద కూర్చుని లెక్క కూడాం. మూడు మ్యాచ్‌ల్లో మొత్తం 22 గేములు. నా గెలుపులు 18, వాడివి 4. మా నంబర్ల ప్రకారం 22లో నాకు రావాల్సినవి 17.6, వాడికి 4.4. ఆడింది దాదాపు నంబరు చెప్పినట్టే ఆడాం. అందుకే అది కదల్లేదు.

వాడు ఆ కాగితం కాసేపు చూశాడు. "అయితే ఇరవై రెండులో ఆరు కొడితే పెరుగుతుందా?" అని అడిగాడు. పెరుగుతుందన్నాను. వచ్చే ఆదివారం ఏడింటికి ఒకటో టేబుల్ పేరు మీద రాయమని బాబాయికి చెప్పి వెళ్లాడు.